నలభై ఒకటో పేజీలో మా ఆవిడ

మా ఆవిడ కేంద్ర బ్యాంకు గవర్నరు. నాది కళ్ళద్దాల షాపు. కొత్తవాళ్ళకి ఈ మాట చెబితే మొదటి సగానికి లేచి నిలబడతారు, రెండో సగానికి మళ్ళీ కూర్చుంటారు. మా పెళ్ళినాటికి మాత్రం వ్యవహారం తలకిందులుగా ఉండేది. సొంత షాపు ఉన్న పెద్దమనిషిని నేను, ఎండనపడి తిరిగే గుమాస్తా ఆవిడ. ఆ సంగతి అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను. ఆవిడ వినిపించుకోదు.

గణాంకాల శాఖలో ధరల గుమాస్తాగా ఆవిడ ఉద్యోగం మొదలైంది. ధరలు ఇంత శాతం పెరిగాయని ప్రతి నెలా పేపర్లో ఒక అంకె వేస్తారు కదా, అది ఆకాశం నుంచి ఊడిపడదు. కొన్ని వందలమంది గుమాస్తాలు జాబితా పట్టుకుని షాపు షాపుకీ తిరిగి సబ్బెంత, చెప్పులెంత, గుండుసూదులెంత అని అడిగి రాసుకొస్తే, వాటన్నిటినీ కలిపి ఆ అంకె తేలుస్తారు. ఆ పనిలో అన్నిటికంటే పెద్ద నియమం ఒకటే: ప్రతి నెలా అదే షాపు, అదే వస్తువు, అదే రకం. ఈ నెల మేలురకం సబ్బు ధరా, వచ్చే నెల నాసిరకం సబ్బు ధరా రాస్తే లెక్క చెడిపోతుంది.

మా నాన్న షాపు ఆవిడ జాబితాలో ఉండేది. మా షాపులో ఆవిడ ధర అడగాల్సిన వస్తువు, చదువుకోవడానికి పెట్టుకునే కళ్ళద్దాలు, నల్ల ప్లాస్టిక్ ఫ్రేము, ఇరవై ఏడో నంబరు రకం. నెలనెలా రెండో మంగళవారం పదకొండు గంటలకి ఠంచనుగా వచ్చేది. భుజాన గుడ్డసంచి, చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్సిలు. "ఇరవై ఏడో నంబరు ఎంతండీ?" అనేది. చెప్పేవాణ్ణి. రాసుకుని వెళ్ళిపోయేది. మా ప్రేమకథలో మొదటి నాలుగు నెలల సంభాషణ మొత్తం ఇంతే.

మూడో నెల నుంచి నేను రెండో మంగళవారాలు ఉతికిన చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాను. ఐదో నెలలో ఇక ఉండబట్టలేక, మెచ్చుకుంటుందేమోనని ధరలో పదోవంతు తగ్గించి చెప్పాను. ఆవిడ రాయబోయి ఆగింది.

"నిన్న అమ్మిన బిల్లు చూపించండి," అంది.

చూపించక తప్పలేదు. అందులో అసలు ధరే ఉంది.

"నాకోసం తగ్గించారా?"

"మీకోసమే," అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

"బాగుంది. మీరు నాకోసం తగ్గిస్తే దేశంలో కళ్ళద్దాలు చవకైనట్టు లెక్క. ఈ లెక్క చూసే ముసలివాళ్ళకి పెన్షను కడతారు. పాపం వాళ్ళేం చేశారు మిమ్మల్ని?"

లోపలి గదిలోంచి మా నాన్న పగలబడి నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దేశం లెక్కల్ని ప్రేమ కోసం పాడుచేయబోయిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే.

ఆ తర్వాతి నెల ఆవిడే కళ్ళు పరీక్ష చేయించుకుంటానని కూర్చుంది. ఈ వృత్తిలో ముప్ఫై అయిదేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, పరీక్షకి కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభైమంది కనబడని అక్షరాన్ని ఊహించి చెబుతారు. కళ్ళు ఆనడం లేదని ఒప్పుకోవడం అందరికీ నామోషీ. పరీక్ష పెట్టేవాణ్ణి బోల్తా కొట్టిస్తే నష్టం ఎవరికో కూడా ఆలోచించరు. ఆవిడ నాలుగో వరుస దాకా చదివి, "ఇక్కణ్ణించి కనబడటం లేదండీ," అంది. అంతే, ఇంకో మాట లేదు. నాకు ఆ క్షణంలోనే ఈ మనిషి కావాలనిపించింది. మా అమ్మకి చెబితే, "అమ్మాయికి చూపు ఆనకపోతే నీకెందుకురా అంత సంతోషం?" అంది.

పెళ్ళయ్యాక ఆవిడ సాయంత్రం కాలేజీలో చేరి అర్థశాస్త్రం చదివింది. పగలు నలభై షాపులు తిరిగొచ్చి, కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని పుస్తకం ముందేసుకునేది. అధికారుల పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి నెగ్గింది. ముప్ఫై ఒకటో ఏట శాఖవాళ్ళు ఆవిడకో పెద్ద పని అప్పగించారు. ధరల గుమాస్తాలందరికీ దారి చూపించే సూచనల పుస్తకం రాయమన్నారు. అప్పటిదాకా ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతి ఉండేది. వీధులు తిరిగిన మనిషి కాబట్టి ఆవిడే తగినదన్నారు. ఏడు నెలలు కూర్చుని రాసింది. నూట ఇరవై పేజీలు. ప్రభుత్వ పుస్తకం కాబట్టి పైన శాఖ పేరే గానీ ఆవిడ పేరు లేదు. నేను మాత్రం ఒక ప్రతి తెచ్చి షాపులో ఫ్రేముల పక్కన పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి చూపించేవాణ్ణి. ఎవరూ కొనలేదు.

ఆ పుస్తకం చూసి కేంద్ర బ్యాంకువాళ్ళు ఆవిణ్ణి తమ పరిశోధన విభాగానికి అరువు తీసుకున్నారు. రెండేళ్ళకని తీసుకుని తిరిగివ్వలేదు. అక్కడ అంతా విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు. సమావేశాల్లో ఈవిణ్ణి "మన మార్కెట్ మేడం" అనేవాళ్ళు. పొగడ్తలా వినిపించే ఎత్తిపొడుపు అది. ఈవిడ పట్టించుకోకుండా తన పని తను చేసుకుపోయింది. విభాగం అధిపతి అయింది, డిప్యూటీ అయింది, అయిదేళ్ళ కిందట గవర్నరే అయింది. ఆ రోజు పేపర్లో "గుమాస్తా నుంచి గవర్నరు" అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆవిడ దాన్ని చింపి అల్మారా అరలో పరిచింది.

గవర్నరు పని ఏమిటని నన్ను చాలామంది అడుగుతారు. నాకు అర్థమైనంతలో, వడ్డీ ఎంత ఉండాలో తేల్చడం. ధరలు గబగబా పెరుగుతుంటే వడ్డీ పెంచాలి, నెమ్మదిస్తే తగ్గించాలి. ఆ తేల్చేది తొమ్మిదో అంతస్తులో, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఓ పెద్ద బల్ల చుట్టూ కూర్చుని. వాళ్ళు కూర్చునే గదికి కిటికీలు ఉన్నాయి గానీ తెరుచుకోవు. అక్కడ అనుకున్నది ఇంటికి రాదు. మా షాపుకొచ్చే జనం మాత్రం నాకన్నీ తెలుసనుకుని అద్దాలు బేరమాడుతూ మధ్యలో, "వచ్చే నెల వడ్డీ తగ్గుతుందంటారా?" అని కన్ను కొడతారు. నాకు తెలిసిందల్లా వాళ్ళ కంటి నంబరు. శనివారం శనివారం మాత్రం ఆవిడ సంచి తీసుకుని మార్కెట్టుకి వెళుతుంది. బాడీగార్డు వెనకాల ఉల్లిపాయలు మోస్తూ నడుస్తాడు. అతనికి ఆ డ్యూటీ అంటే ప్రాణం మీదకొచ్చినట్టే.

ఈ వసంతంలో ఆవిడ అయిదేళ్ళ పదవీకాలం ముగింపుకొచ్చింది. ఇంకో అయిదేళ్ళు పొడిగించాలా వద్దా అన్నది వచ్చే నెల పద్దెనిమిదిన తేలుతుందని చెప్పారు. పొడిగిస్తారనే అందరూ అనుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే, ఓ ఆదివారం మధ్యాహ్నం, నేను నోరు జారాను.

భోజనం చేస్తున్నాం. ఏదో మాట వచ్చి, మా షాపుకి ఇప్పుడొచ్చే ధరల గుమాస్తా గురించి చెప్పాను. ఎండైనా వానైనా చంకలో గొడుగుంటుంది కాబట్టి మా వీధిలో అతన్ని గొడుగాయన అంటారు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

"మీ గొడుగాయన ఎంత మంచివాడో తెలుసా? నన్ను ఒక్క ప్రశ్న వేయడు. వస్తాడు, టీ తాగుతాడు, రాసుకుంటాడు, పోతాడు," అన్నాను.

"ప్రశ్న వేయకుండా ఏం రాసుకుంటాడు?"

"ఇరవై ఏడో నంబరు ధర. అది తయారవడం మానేసి ఏడేళ్ళయింది. కంపెనీయే మూతపడింది. మరి లేని ఫ్రేముకి ధరేం అడుగుతాడు పాపం? పాత ధరే వేసుకుంటున్నాడు."

హాస్యం పండిందనుకుని నేను నవ్వుతున్నాను. ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏడేళ్ళ నుంచా?"

"ఏడేళ్ళ నుంచి."

"ఇప్పుడు దాని బదులు జనం ఏం కొంటున్నారు?"

"ముప్ఫై నాలుగో నంబరు. దానికి రెట్టింపు ధర."

ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. నేనేదో పాడుచేశానని అర్థమైంది గానీ ఏం పాడుచేశానో అర్థం కాలేదు.

ఎల్లుండే రెండో మంగళవారం. పదిన్నరకల్లా ఆవిడ మా షాపుకొచ్చి, పరీక్షకొచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. పదకొండింటికి గొడుగాయన వచ్చాడు. ఆవిణ్ణి చూడగానే గొడుగు జారి కిందపడింది.

"కంగారు పడకండి," అంది మా ఆవిడ. "ఈ షాపు ఒకప్పుడు నా జాబితాలోదే. మీ కాగితం ఒకసారి చూస్తాను, ఇవ్వండి."

అతను ఇచ్చాడు. చక్కటి దస్తూరీ. ఇరవై ఏడో నంబరు ఫ్రేము, కిందటి నెల ఎంతో ఈ నెలా అంతే.

"ఈ ఫ్రేము దొరకడం లేదు కదండీ?"

"దొరకదు మేడం. ఇదొక్కటే కాదు, నా జాబితాలో ఇలాంటివి పదకొండున్నాయి. కెమెరాలో వేసే రీలు, టైపు మిషను రిబ్బను, పిల్లల బూట్లలో ఒక రకం..."

"మరి పాత ధర ఎందుకు రాస్తున్నారు?"

గొడుగాయన మొహంలో భయం పోయి కాస్త గర్వం వచ్చింది. సంచిలోంచి అట్ట ఊడిన పుస్తకం తీశాడు. "నేను సొంత తెలివి వాడను మేడం. పుస్తకం ఎలా చెబితే అలాగే. నలభై ఒకటో పేజీ, ఆఖరి పేరా." వేలు పెట్టి చదివాడు. "వస్తువు దొరకనప్పుడు కిందటి నెల ధరనే తిరిగి రాయాలి."

ఇన్నేళ్ళలో ఆవిడ ముఖం అలా పాలిపోవడం నేను చూడలేదు. అతనికి నమస్కారం పెట్టి, "మీరు సరిగ్గానే చేశారు. మీ తప్పు ఏమీ లేదు," అని చెప్పి పంపించింది. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"ఎన్ని నెలలు అలా రాయొచ్చో నేను రాయలేదు," అంది. "రెండు నెలలు చూసి, తర్వాత బదులు వస్తువు ఎంచుకోవాలని ఒక్క ముక్క రాయాల్సింది. అప్పట్లో వస్తువు దొరక్కపోతే సరుకు రాలేదని అర్థం, వచ్చే నెల వచ్చేది. మళ్ళీ ఎప్పటికీ రాకుండా పోతుందని నాకు తట్టనే లేదండీ."

ఆ తర్వాత రెండు వారాలు తొమ్మిదో అంతస్తులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. నమ్మకమైన నలుగురిని పెట్టుకుని దేశంలోని జాబితాలన్నీ తిరగేయించింది. మూడొందల పన్నెండు వస్తువుల్లో యాభై ఏడు ఈ లోకంలో లేవు. ధరల సూచీలో మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, పాత ధరకే. వాటి బదులు జనం కొనుక్కునేవన్నీ ఖరీదైనవి. అంటే ధరలు మూడు శాతం పెరిగాయని పేపర్లో వేసిన ఏడాది నిజానికి నాలుగు శాతం దాటి పెరిగాయి. ఆ తప్పు అంకె నమ్మి ఈవిడ వడ్డీ తక్కువగా ఉంచింది. గణాంకాల శాఖ అధిపతి దగ్గరికి వెళ్ళి చెబితే, ఆయన తలుపు వేసి, "మేడం, రెండేళ్ళలో కొత్త పుస్తకం ఎలాగూ వేస్తాం. అందులో సర్దేద్దాం. ఇప్పుడు తేనెతుట్టె కదపడం ఎందుకు?" అన్నాడట.

నేనూ అదే పాట పాడాను. నెలాఖరుకి ముందు శనివారం, ఆవిడ వంటింట్లో కూరగాయలు సర్దుతుంటే పక్కనే నిలబడి అందుకున్నాను.

"పద్దెనిమిదో తారీకు దాటనీ. పదవి పొడిగించాక చెప్పు. మూడు వారాలు ఆగితే కొంపలేం మునిగిపోవు కదా!"

"నాది మునగదు," అంది, కారట్లు ఒక పక్కకి పెడుతూ. "ఒకటో తారీకున పెన్షన్లు ఖరారు చేస్తారు. ఈ అంకె చూసే చేస్తారు. ఒకసారి ఖరారైతే మళ్ళీ ఏడాది దాకా కదలదు. ముప్ఫై లక్షలమంది. ఒక్కొక్కరికి నెలకి ఒక పూట సరుకులంత తేడా."

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను.

"సరే, చెప్పు! ముందే చెప్పు! కానీ రాసింది నువ్వేనని చెప్పక్కర్లేదు కదా? పుస్తకం మీద నీ పేరుందా? లేదు. పాత పుస్తకంలో ఏదో లోపం అంటే సరిపోతుంది. ఎవడూ అడగడు."

"అలా అంటే ఎవరి మీదకి పోతుంది?"

"ఎవరి మీదకీ పోదు!"

"గొడుగాయన మీదకి పోతుంది. ఏడేళ్ళు కళ్ళు మూసుకుని రాశాడు అంటారు. ఇలాంటివి ఎప్పుడూ కిందకే జారతాయి. నేను కింద పనిచేశాను, నాకు తెలుసు."

"ఎవడో గొడుగాయన కోసం నీ ఇరవై అయిదేళ్ళ పేరు మట్టిలో కలుపుకుంటావా? గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేదు అంటారు! వాళ్ళకి కావాల్సింది అదే!"

నోట్లోంచి వచ్చాక తెలిసింది ఆ మాట నేనన్నానని. ఇరవై అయిదేళ్ళుగా బ్యాంకులో ఎవరూ ఆవిడ మొహం మీద అనలేనిది ఇంట్లో మొగుడు అన్నాడు. ఆవిడ ఉల్లిపాయల బుట్ట నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. నా కోపం ఆవిడ మీద అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే అది భయం. అన్నేళ్ళు కాళ్ళరిగేలా నడిచి పైకెక్కిన మనిషిని ఒక్క రోజులో కిందకి లాగి నవ్వుతారేమోనని.

నెలాఖరు రోజు పదకొండింటికి విలేకరుల సమావేశం. షాపు మూసేద్దామనుకున్నాను గానీ, తపాలా శాఖలో రిటైరైన ఒక పెద్దాయన అప్పటికే పరీక్షకి కూర్చున్నాడు. ఆయన ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఎడమ కంటికి నల్ల బిళ్ళ తగిలించి, కుడి కంటికి అద్దం వేయబోతుండగా మూలనున్న టీవీలో మా ఆవిడ కనిపించింది. నా చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది.

ముందు అంకెలు చెప్పింది. యాభై ఏడు వస్తువులు, సరిచేసిన కొత్త శాతం, పెన్షన్లు రేపు కొత్త శాతం ప్రకారమే ఖరారు చేయాలని ప్రభుత్వానికి రాసిన ఉత్తరం. తర్వాత కాగితం చదివింది. "దీనికి కారణం పాత సూచనల పుస్తకంలోని ఒక లోపం." అక్కడికి కాగితం అయిపోయింది. పక్కన నిలబడ్డ పత్రికా వ్యవహారాల అమ్మాయి మైకు తీసుకోవడానికి చెయ్యి చాపింది. నేను దేవుడా అనుకున్నాను. ఆవిడ మైకు ఇవ్వలేదు.

"ఆ పుస్తకం రాసింది నేను," అంది. "నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం తక్కువ రాశాను. గుమాస్తాలు నేను రాసినట్టే చేశారు. వాళ్ళ తప్పు లేదు. తప్పు నాది."

హాల్లో ఒక్కసారి గోల లేచింది. స్టూలు మీది పెద్దాయన ఒంటికన్నుతో టీవీని, నన్ను, మళ్ళీ టీవీని చూశాడు.

"అంటే ఇన్నాళ్ళూ నా పెన్షను తక్కువిచ్చారన్నమాట!"

"అవునండీ," అన్నాను.

"ఆవిడ నీ భార్యే కదూ?"

"అవునండీ."

తిడతాడని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు ఏదో గొణుక్కున్నాడు. తర్వాత, "ముప్ఫై మూడేళ్ళు తపాలాలో చేశానయ్యా," అన్నాడు. "ఎన్నో ఉత్తరాలు పోయాయి. పోగొట్టింది నేనేనని చెప్పిన అధికారిని ఒక్కణ్ణి చూళ్ళేదు. ఊఁ, ఆ అద్దం వెయ్యి, మెడ పట్టేస్తోంది."

మర్నాడు పెన్షన్లు కొత్త అంకె ప్రకారమే ఖరారయ్యాయి. ఆవిడ పని మాత్రం అయిపోయినట్టే కనబడింది. ఒక పేపరువాళ్ళు గవర్నరు కుర్చీలో గుడ్డసంచి కూర్చున్నట్టు బొమ్మ వేశారు. ఇంకొకళ్ళు నేను భయపడ్డ 'గుమాస్తా బుద్ధి' అన్న మాటే శీర్షికగా పెట్టారు. టీవీల్లో, తన తప్పే పట్టుకోలేనివాళ్ళు దేశం ధరలేం పట్టుకుంటారని పెద్ద పెద్ద చదువులవాళ్ళు తీరిగ్గా వాదించారు. వారం తిరక్కుండానే గవర్నరు పదవికి ఇంకో పేరు వినిపించడం మొదలైంది. షాపులో వడ్డీ గురించి కన్ను కొట్టేవాళ్ళు కూడా నన్ను చూసి జాలిపడటం మొదలుపెట్టారు. ఆ జాలి భరించడం నావల్ల కాలేదు. ఒకడికైతే ఫ్రేము అమ్మనని చెప్పి పంపించాను.

ఆవిడ మాత్రం పొద్దున్నే తొమ్మిదో అంతస్తుకి వెళ్ళి, సాయంత్రం వచ్చేది. రాత్రి నిద్రపోయేది కూడా. గణాంకాల శాఖ గుమాస్తాల కోసం ఒక పేజీ సవరణ రాసి పంపింది. అది ఊరూరా అందిందట. గొడుగాయన మా షాపుకొచ్చి, ఇరవై ఏడో నంబరు కొట్టేసి, ముప్ఫై నాలుగో నంబరు ఫ్రేముని చేత్తో పట్టుకుని అటూఇటూ తిప్పి చూసి ధర అడిగాడు. టీ ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు. ఇంకా పదిషాపులు నిజంగా అడగాలట, టైము లేదట.

పద్దెనిమిదో తారీకు పొద్దున్న పది దాటింది, పన్నెండు దాటింది, ఏ కబురూ లేదు. మూడింటికి ఆర్థిక మంత్రి పిలుస్తున్నారని ఫోనొచ్చిందని ఆవిడ నాకు చెప్పించింది. వీడ్కోలు చెప్పడానికే అనుకున్నాను. షాపు కట్టేసి ఇంటికెళ్ళి, ఏం చేయాలో తోచక, ఉన్న గిన్నెలన్నీ మళ్ళీ తోమాను.

అయిదున్నరకి వచ్చింది. చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. నెమ్మదిగా తాగింది.

"ఏమన్నాడు?"

"తిట్టాడు," అంది. "ఒకటో తారీకుకి ఒక్క రోజు ముందు చెబితే ఖజానాకి ఎంత చిల్లు పడిందో తెలుసా అన్నాడు. పావుగంట తిట్టాడు."

"తర్వాత?"

"తర్వాత టీ తెప్పించాడు. మీ జాగాలో ఇంకొకర్ని వేస్తే వాళ్ళేం దాస్తున్నారో కనుక్కోవడానికి నాకు అయిదేళ్ళు పడుతుంది, మీ సంగతి ఊరందరికీ తెలిసిపోయింది, అదొక్కటే మీలో నాకు నచ్చింది అన్నాడు." చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకో అయిదేళ్ళు. వచ్చే సమావేశంలో వడ్డీ పెంచాల్సొస్తుంది. అప్పుడు అందరూ తిడతారు, మీరూ తయారుగా ఉండండి."

కాగితం విప్పాను. అక్షరాలు ఆనలేదు. కళ్ళద్దాలు నెత్తి మీదే ఉన్నాయి గానీ అందుకు కాదు. కళ్ళు నిండిపోయాయి. ఆవిడ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడు వారాలుగా నేను బాకీపడ్డ మాట ఒకటుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మాట అనకుండా ఎలాగో నెట్టుకొచ్చాను.

"ఆ రోజు వంటింట్లో..." అన్నాను.

"ఏ రోజు?" అంది. ఏ రోజో ఆవిడకి బాగా తెలుసు.

"నిన్ను దాచమన్నాను. పైగా ఆ పాడు మాట కూడా అన్నాను. తప్పు నాది."

ఆవిడ పెదవుల చివర నవ్వు కదిలింది. నా చెయ్యి మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఫోను అందుకుంది.

"ఆగండి," అంది, "విలేకరుల్ని పిలుస్తాను."